అమెరికాలో ఉండి ఇండియాకు వెళ్లివచ్చేవారికి తక్కువ ఖర్చు ట్రావెల్ క్రెడిట్ కార్డు: ఏది ఎవరికి సరిపోతుంది?

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబం ఏడాదికో రెండేళ్లకో హైదరాబాదుకో విజయవాడకో విశాఖకో బయలుదేరేటప్పుడు విమాన టికెట్ ధర కోసం వారాల తరబడి వెతుకుతుంది గానీ, ఆ టికెట్‌ను ఏ కార్డుతో కొనాలి, అక్కడి ఖర్చులను దేనితో చెల్లించాలి అన్న విషయం మీద అంత శ్రద్ధ పెట్టడం అరుదు. చేతిలో ఉన్న కార్డు ఎక్కడైనా పనిచేస్తుందన్న ధీమాతో వెళ్లి, తిరిగి వచ్చాక ప్రతి కొనుగోలు కింద విడిగా పడిన చిన్న చిన్న రుసుములను చూడకుండానే స్టేట్‌మెంట్ మొత్తాన్ని కట్టేసేవారు చాలామంది ఉంటారు. కార్డును ఎంచుకునేటప్పుడు అది మన దగ్గర ఎంత తీసుకుంటుందో ముందు లెక్కగట్టి, మనకు ఎంత ఇస్తుందన్నది ఆ తర్వాత చూడాలన్నది నా అభిప్రాయం. ప్రకటనలన్నీ ఈ వరుసను తలకిందులు చేసి చూపిస్తాయి కాబట్టి, ఈ పోలికలో నేను ఖర్చు వైపు నుంచే మొదలుపెడుతున్నాను.

మొదటి జల్లెడ: విదేశీ లావాదేవీ రుసుము

అమెరికా బ్యాంకులు ఇచ్చే చాలా కార్డుల మీద విదేశీ లావాదేవీకి 3 శాతం వరకు రుసుము ఉంటుంది. వార్షిక రుసుము లేని, రోజువారీ ఖర్చులకు అందరూ మెచ్చుకునే కార్డుల్లో కూడా ఇది కనిపిస్తుంది. చేజ్ ఫ్రీడమ్ అన్‌లిమిటెడ్, సిటీ డబుల్ క్యాష్, వెల్స్ ఫార్గో యాక్టివ్ క్యాష్ కార్డులు 3 శాతం తీసుకుంటాయి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వారి బ్లూ క్యాష్ ఎవ్రీడే కార్డు 2.7 శాతం తీసుకుంటుంది. అమెరికాలో వాడుకున్నంత కాలం ఇవి మంచి కార్డులే. అయితే 2 శాతం వెనక్కి ఇచ్చే కార్డుతో ఇండియాలో 2,000 డాలర్లు ఖర్చుపెడితే 40 డాలర్లు వచ్చి 60 డాలర్లు పోతాయి, అంటే 20 డాలర్ల నష్టం మిగులుతుంది. అదే ఖర్చును రుసుము లేకుండా 1.5 శాతం ఇచ్చే కార్డు మీద పెడితే 30 డాలర్లు లాభం. ఒక్క ప్రయాణంలో రెండింటికీ 50 డాలర్ల తేడా వస్తోంది, అదీ వార్షిక రుసుము ఒక్క డాలరు కూడా లేని రెండు కార్డుల మధ్య.

రూపాయల్లో బిల్లు వచ్చినప్పుడే ఈ రుసుము పడుతుందని చాలామంది అనుకుంటారు. అమ్మే సంస్థ ఖాతా అమెరికా బయట ఉంటే, బిల్లు డాలర్లలో ఉన్నా చాలా బ్యాంకులు దాన్ని విదేశీ లావాదేవీగానే లెక్కిస్తాయి. కాబట్టి ఇంటి నుంచి కదలకుండానే ఈ రుసుము కట్టే సందర్భాలు మనకు ఎక్కువ. అమ్మానాన్నలకు హైదరాబాదు నుంచి టికెట్ కొనడం, వాళ్ల ఇంటికి ఆన్‌లైన్‌లో ఫ్రిజ్ పంపించడం, తిరుపతి వెళ్లడానికి దేశీయ విమానం బుక్ చేయడం వంటివన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. ప్రయాణం రెండేళ్లకోసారే చేసినా, ఇలాంటి కొనుగోళ్లు ఏడాది పొడవునా సాగే ఇళ్లలో రుసుము లేని కార్డు ఒకటి తప్పనిసరిగా ఉండాలి.

దరఖాస్తు చేసేముందు బ్యాంకు తప్పనిసరిగా చూపించవలసిన రేట్లు, రుసుముల పట్టిక ఒకటి ఉంటుంది. షూమర్ బాక్స్ అని పిలిచే ఆ పట్టికలో విదేశీ లావాదేవీ అన్న వరుసకు ఎదురుగా ఏమి రాసి ఉందో చూడటానికి అర నిమిషం చాలు. కార్డుల షరతులు మారుతూ ఉంటాయి కాబట్టి, ఇక్కడ నేను చెప్పే అంకెలను కూడా ఆ పట్టికతో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

రెండు రుసుములూ లేని కార్డులు

వార్షిక రుసుము, విదేశీ లావాదేవీ రుసుము రెండూ లేని కార్డుల్లో నేను ముందు చెప్పేవి నాలుగు. క్యాపిటల్ వన్ క్విక్‌సిల్వర్ ప్రతి కొనుగోలు మీద 1.5 శాతం నగదుగా వెనక్కి ఇస్తుంది. అదే బ్యాంకు వారి వెంచర్‌వన్ డాలరుకు 1.25 మైళ్లు ఇస్తుంది. బ్యాంక్ ఆఫ్ అమెరికా ట్రావెల్ రివార్డ్స్ డాలరుకు 1.5 పాయింట్లు ఇస్తుంది. ప్రయాణ ఖర్చుకు సర్దుకుంటే ఒక్కో పాయింటు ఒక సెంటు. వెల్స్ ఫార్గో ఆటోగ్రాఫ్ ప్రయాణాలు, రెస్టారెంట్లు, పెట్రోలు, ఫోన్ బిల్లుల వంటి వాటి మీద డాలరుకు 3 పాయింట్లు, మిగతా వాటి మీద 1 పాయింటు ఇస్తుంది.

వీటిలో ఏది తీసుకోవాలన్నది మీ ఖర్చు ఎక్కడ జరుగుతుందన్న దాన్ని బట్టి ఉంటుంది. నలుగురున్న కుటుంబానికి వేసవి సెలవుల్లో టికెట్లే 6,000 డాలర్ల దాకా అవుతాయనుకుంటే, ఆటోగ్రాఫ్ మీద 180 డాలర్ల విలువైన పాయింట్లు వస్తాయి, క్విక్‌సిల్వర్ మీద 90 డాలర్లు వస్తాయి. అయితే మన ప్రయాణాల్లో పెద్ద ఖర్చు చాలాసార్లు హోటళ్ల మీద జరగదు. ఉండేది అమ్మగారింట్లోనో అత్తగారింట్లోనో. ఖర్చంతా బట్టల దుకాణాల్లో, నగల దుకాణాల్లో, ఆసుపత్రి పరీక్షల దగ్గర, ఇంటికి కొనే సామాను మీద జరుగుతుంది. అక్కడ ఆటోగ్రాఫ్ 1 శాతమే ఇస్తుంది కాబట్టి క్విక్‌సిల్వరో ట్రావెల్ రివార్డ్సో మెరుగు. ఒకే కార్డు కావాలనుకునేవారికి నేను 1.5 శాతం ఇచ్చేదాన్నే చెబుతాను. రెండు కార్డులు నిర్వహించగల ఓపిక ఉన్నవారు టికెట్లకు ఆటోగ్రాఫ్, దుకాణాలకు 1.5 శాతం కార్డు పెట్టుకుంటే, ఒక్క డాలరు వార్షిక రుసుము లేకుండా దాదాపు చేయగలిగినంతా చేసినట్టే.

వెంచర్‌వన్ లెక్కలో కొంచెం వెనకబడి కనిపించినా దానికి ఒక ప్రత్యేకత ఉంది. దాని మైళ్లను ఎయిర్ కెనడా వారి ఏరోప్లాన్ వంటి విమాన సంస్థల ఖాతాల్లోకి మార్చుకోవచ్చు. ఏరోప్లాన్ మైళ్లతో, విమాన సంస్థల కూటమి అయిన స్టార్ అలయన్స్‌లో ఉన్న ఎయిర్ ఇండియా విమానాల్లో కూడా సీట్లు తీసుకోవచ్చు. తేదీల విషయంలో పట్టువిడుపు ఉన్నవారికి, అందులోనూ వేసవి, డిసెంబరు సెలవులకు కట్టుబడని వారికి ఇది పనికివస్తుంది. బడిపిల్లలున్న ఇళ్లకు ఆ తేదీల్లో మైళ్లతో తీసుకునే సీట్లు నాలుగు దొరకడం చాలా కష్టం కాబట్టి, వారు నగదు రూపంలో వచ్చేదాన్నే ఎంచుకోవడం మేలు.

డిస్కవర్ కార్డుల మీద కూడా విదేశీ లావాదేవీ రుసుము లేదు. 2025 మే నెలలో క్యాపిటల్ వన్ డిస్కవర్‌ను కొనుగోలు చేసింది. అయినా డిస్కవర్ గుర్తున్న కార్డును ఇండియాలో ప్రతి దుకాణం తీసుకుంటుందని నమ్మి బయలుదేరడం మంచిది కాదు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కూడా పెద్ద హోటళ్లలో చెల్లినంత సులభంగా గుంటూరులోనో కరీంనగర్‌లోనో చెల్లదు. ఏ బ్యాంకు కార్డు తీసుకున్నా దాని మీద వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ ఉందో లేదో చూసుకోండి.

95 డాలర్ల కార్డు ఎప్పుడు గిట్టుబాటవుతుంది

వార్షిక రుసుము ఉన్న కార్డులన్నీ దుబారా అని నేను అనను. క్యాపిటల్ వన్ వెంచర్ 95 డాలర్లు తీసుకుని డాలరుకు 2 మైళ్లు ఇస్తుంది. ఉచితంగా వచ్చే వెంచర్‌వన్ కంటే ఇది డాలరుకు 0.75 మైలు ఎక్కువ. మైలుకు ఒక సెంటు అనుకుంటే, ఆ 95 డాలర్లు తిరిగి రాబట్టుకోవడానికి ఏడాదికి సుమారు 12,700 డాలర్లు ఆ కార్డు మీదే ఖర్చుపెట్టాలి. నాలుగేళ్లకోసారి, అమెరికాకు తిరిగి వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ తనిఖీని త్వరగా దాటించే గ్లోబల్ ఎంట్రీ అనే పథకం దరఖాస్తు రుసుముకు 120 డాలర్ల వరకు తిరిగి ఇస్తుంది కాబట్టి, దాన్ని నిజంగా వాడుకునేవారు ఏడాదికి 30 డాలర్లు తీసేసి లెక్క వేసుకోవచ్చు. అప్పుడు సుమారు 8,700 డాలర్లు చాలు. భారత పౌరులు కూడా గ్లోబల్ ఎంట్రీకి అర్హులే కాబట్టి హెచ్‌-1బి మీద ఉన్నవారికి కూడా ఈ లెక్క వర్తిస్తుంది. కిరాణా, పెట్రోలు, బీమా ప్రీమియంలు అన్నీ ఒకే కార్డు మీద పెట్టే ఇంటికి ఆ మొత్తం పెద్దది కాదు. ఒంటరిగా ఉంటూ నెలకు 500 డాలర్లు కార్డు మీద పెట్టే యువతికో యువకుడికో మాత్రం ఇది నష్టమే.

చేజ్ సఫైర్ ప్రిఫర్డ్ సంగతి వేరు. దానికీ 95 డాలర్లే, విదేశీ లావాదేవీ రుసుము లేదు. ప్రయాణాల మీద డాలరుకు 2 పాయింట్లు ఇస్తుంది కాబట్టి పాయింట్ల లెక్కలో ఉచితంగా వచ్చే ఆటోగ్రాఫ్ కంటే వెనకే ఉంటుంది. 6,000 డాలర్ల టికెట్ల మీద పాయింట్లను నగదుగా తీసుకుంటే 60 డాలర్లు తక్కువ వస్తాయి, పైగా 95 డాలర్లు కట్టాలి. ఆ 155 డాలర్లూ దేనికి ఇస్తున్నామంటే ప్రయాణ బీమాకు. విమానం 12 గంటలకు మించి ఆలస్యమైనా, రాత్రి బస తప్పనిసరి అయినా ఒక్కో టికెట్‌కు 500 డాలర్ల వరకు బస, భోజన ఖర్చులు; సామాను ఆరు గంటలకు మించి ఆలస్యమైతే రోజుకు 100 డాలర్ల చొప్పున అయిదు రోజుల వరకు అత్యవసర కొనుగోళ్లు; అనారోగ్యం వంటి కారణాలతో ప్రయాణం రద్దయితే తిరిగి రాని టికెట్ డబ్బుకు పరిహారం దానిలో ఉంటాయి. దోహాలోనో దుబాయ్‌లోనో అబుదాబిలోనో విమానం మారి, ఇద్దరు చిన్నపిల్లలతో 24 గంటలకు పైగా ప్రయాణించే కుటుంబానికి ఈ బీమా విలువ మామూలు పాయింట్ల కంటే చాలా ఎక్కువ. పిల్లలతో కనెక్టింగ్ విమానం తప్పిపోయిన రాత్రి ఎంత కష్టమో పడినవారికి తెలుసు. అందుకే పాయింట్ల మోజులో కాకుండా బీమా కోసం అయితే ఈ కార్డును నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను.

ఒక షరతు మాత్రం మరిచిపోకూడదు. టికెట్‌ను ఆ కార్డుతోనో దాని పాయింట్లతోనో కొంటేనే బీమా వర్తిస్తుంది. మనవాళ్లు తెలిసిన ట్రావెల్ ఏజెంటు దగ్గర టికెట్ తీసుకుని, కార్డు అయితే మూడు శాతం ఎక్కువ అన్నారని, బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా డబ్బు చేరవేసే జెల్‌లో డబ్బు పంపేయడం తరచుగా జరుగుతుంది. అలా చేస్తే బీమా పోతుంది, దానితోపాటు ఇంకొక రక్షణ కూడా పోతుంది. 1974 నాటి ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం ప్రకారం, డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వకపోయినా, బిల్లు తప్పుగా వేసినా, ఆ స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా క్రెడిట్ కార్డు బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చు. జెల్‌లో పంపిన డబ్బుకు అటువంటి హక్కు లేదు. వేల డాలర్ల టికెట్ విషయంలో ఆ మూడు శాతం మిగుల్చుకోవడం కంటే, కార్డును అదనం లేకుండా తీసుకునే విమాన సంస్థ సొంత వెబ్‌సైటు దగ్గర కొనడమే నాకు సబబుగా తోస్తుంది.

అమెరికాకు వచ్చే తల్లిదండ్రుల ఆసుపత్రి ఖర్చులను కార్డు బీమా చూసుకుంటుందన్న భ్రమ ఎవరికీ ఉండకూడదు. వారికి విజిటర్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవలసిందే.

395 డాలర్ల వెంచర్ ఎక్స్ వంటి విమానాశ్రయ లాంజ్ సదుపాయం ఇచ్చే కార్డులు ఈ పోలిక పరిధిలోకి రావు. ఏడాదికి 300 డాలర్ల ప్రయాణ క్రెడిట్‌ను, 10,000 మైళ్లను పూర్తిగా వాడుకునేవారికి అవి గిట్టుబాటు కావచ్చు గానీ, తక్కువ ఖర్చు కార్డు వెతుక్కునేవారు అటు చూడనక్కరలేదు.

కొత్తగా వచ్చిన విద్యార్థులకు

ఎం.ఎస్. చదవడానికి వచ్చిన విద్యార్థికి మొదటి నెలల్లో ఈ కార్డులేవీ సులభంగా రావు. ఎఫ్‌-1 మీద ఉన్నవారికి క్యాంపస్ ఉద్యోగం గానీ సీపీటీ, ఓపీటీ వంటి పని అనుమతి గానీ వచ్చేదాకా సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు, అమెరికాలో క్రెడిట్ చరిత్ర కూడా ఉండదు. ఆ కాలంలో నాన్నగారి కార్డుకు అనుబంధంగా తెచ్చుకున్న ఇండియా కార్డును వాడేవారు ఒక లెక్క తెలుసుకోవాలి. ఇండియాలోని చాలా బ్యాంకులు విదేశీ కరెన్సీ ఖర్చుకు 3.5 శాతం మార్కప్ (అదనపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్టీ వేస్తాయి, అంటే మొత్తం 4.13 శాతం. వెయ్యి డాలర్ల పుస్తకాలకు, సామానుకు 41 డాలర్లు ఊరికే పోతాయి. ఫెడరల్ బ్యాంకు ఇచ్చే స్కేపియా, ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకు ఇచ్చే వావ్ వంటి కార్డుల మీద ఈ మార్కప్ లేదు. బయలుదేరే ముందే ఇంట్లో అటువంటిది ఒకటి తీసుకుని రావడం మంచి ఏర్పాటు. అయితే ఇండియా కార్డును ఎంత బాగా కట్టినా అమెరికాలో క్రెడిట్ స్కోరు పెరగదు కాబట్టి, ఇది మొదటి కొన్ని నెలలకే.

సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చాక రెండు దారులు ఉన్నాయి. ఖాతా ఉన్న బ్యాంకులోనే విద్యార్థి కార్డు అడగడం ఒకటి. బ్యాంక్ ఆఫ్ అమెరికా ట్రావెల్ రివార్డ్స్‌కు విద్యార్థుల రూపం ఉంది, 1.5 పాయింట్లు, రెండు రుసుములూ లేవు. అది రాకపోతే 200 డాలర్లు డిపాజిట్ కట్టి క్యాపిటల్ వన్ క్విక్‌సిల్వర్ సెక్యూర్డ్ తీసుకోవచ్చు. దాని మీదా 1.5 శాతమే, విదేశీ లావాదేవీ రుసుము లేదు, వార్షిక రుసుము లేదు. డిపాజిట్ అడిగారని చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. బిల్లు సక్రమంగా కడుతూ వస్తే ఆ డబ్బు తిరిగి వస్తుంది. ఫైకో అనే క్రెడిట్ స్కోరులో 35 శాతం సకాలంలో కట్టడం మీద, 30 శాతం వాడిన మొత్తం మీద ఆధారపడతాయి. పరిమితి చిన్నగా ఉన్నప్పుడు మొదటిసారి ఇంటికి వెళ్లే టికెట్ కొంటే పరిమితి అంతా నిండిపోతుంది కాబట్టి, స్టేట్‌మెంట్ రాకముందే చాలా భాగం కట్టేయడం మంచిది.

ఏ కార్డు తీసుకున్నా నెల బిల్లు మొత్తం కట్టలేని స్థితిలో ఉంటే పైన చెప్పిన పోలికలన్నీ వృథా. వడ్డీ రేట్లు 20 శాతం పైబడి ఉంటున్నాయి. 24 శాతం రేటున 2,000 డాలర్లు ఒక్క నెల మోస్తే 40 డాలర్లు వడ్డీ పడుతుంది, ఆ ఖర్చు మీద 1.5 శాతం కార్డు ఇచ్చేది 30 డాలర్లు. ఇంటికి వెళ్లిరావడం ఆలస్యమైనా ఫరవాలేదు, మినిమం డ్యూ మాత్రమే కడుతూ వెళ్లిరావద్దని విద్యార్థులను నేను గట్టిగా కోరుతున్నాను.

ఇండియాలో వాడేటప్పుడు

మంచి కార్డు తీసుకుని కూడా డబ్బు పోగొట్టుకునే చోటు ఒకటి ఉంది. పెద్ద దుకాణాల్లో, హోటళ్లలో, దుబాయ్ వంటి విమానాశ్రయాల్లో కార్డు పెట్టగానే యంత్రం డాలర్లలో కట్టమంటారా అని అడుగుతుంది. డాలర్లంటే మనకు తెలిసిన లెక్క కదా అని ఒప్పుకుంటే, ఆ దుకాణపు బ్యాంకు తనకు నచ్చిన మారకపు రేటు వేస్తుంది, రుసుము లేని కార్డు తీసుకున్న ప్రయోజనం అక్కడితో పోతుంది. ఇండియాలో రూపాయలు, దుబాయ్‌లో దిర్హమ్‌లు, దోహాలో రియాల్‌లు అనే చెప్పాలి. వీసా, మాస్టర్‌కార్డ్ తమ రేట్లను తమ వెబ్‌సైట్లలోనే పెడతాయి కాబట్టి ఎంత తేడా ఉందో సరిచూసుకోవచ్చు. బిల్లు వేసేవారు అడగకుండానే డాలర్లు నొక్కేస్తుంటారు. సంతకం చేసేముందు రసీదు మీద ఏ కరెన్సీ ఉందో చూసి, తప్పైతే రద్దు చేయించి మళ్లీ వేయించుకోండి.

నగదు కోసం క్రెడిట్ కార్డును ఏటీఎంలో పెట్టవద్దు. నగదు అడ్వాన్సు రుసుముతోపాటు వడ్డీ ఆ రోజు నుంచే మొదలవుతుంది, మామూలు కొనుగోళ్లకు ఉండే గడువు దానికి ఉండదు. చార్లెస్ ష్వాబ్ చెకింగ్ ఖాతాతో వచ్చే డెబిట్ కార్డు మీద విదేశీ లావాదేవీ రుసుము లేదు, ఏటీఎం వారు తీసుకున్న రుసుములను కూడా ఆ సంస్థ తిరిగి ఇస్తుంది. నగదుకు అది ఒక్కటి చాలు.

కూరగాయల బండి నుంచి టిఫిన్ సెంటరు వరకు ఇప్పుడు యూపీఐతోనే నడుస్తున్నాయి, అమెరికా క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించడం కుదరదు. విదేశాల్లో ఉండే భారతీయులు ఇండియాలో తెరిచే ఎన్ఆర్ఈ గానీ ఎన్ఆర్ఓ గానీ ఖాతా ఉన్నవారు అమెరికా ఫోన్ నంబరుతోనే యూపీఐ పెట్టుకునే వీలు ఉంది; అందుకు మీ బ్యాంకు, మీరు వాడే యాప్ రెండూ ఒప్పుకోవాలి కాబట్టి బయలుదేరే ముందే చేసుకోండి. నగల దుకాణం వారు కార్డుకు రెండు శాతం అదనం అడిగితే, 1.5 శాతం పాయింట్ల కోసం అది కట్టడంలో అర్థం లేదు; ఆ ఖాతా నుంచి నేరుగా బదిలీ చేయడం చవక.

మరొక చిన్న జాగ్రత్త ఫోన్ గురించి. ఇండియాలో పెద్ద మొత్తం గీకినప్పుడు అమెరికా బ్యాంకు అనుమానించి, ఇది మీరేనా అని అమెరికా నంబరుకు సందేశం పంపవచ్చు. ఆ సిమ్ తీసి సూట్‌కేసులో పడేస్తే కార్డు నగల దుకాణంలోనే ఆగిపోతుంది. రెండు సిమ్‌లు పనిచేసే ఫోన్‌లో అమెరికా నంబరును అలాగే ఉంచి, ఇండియా నంబరును రెండోదిగా పెట్టుకోండి. బ్యాంకు యాప్‌ను కూడా ముందే పెట్టుకుంటే, కార్డు పోయినప్పుడు అందులోనే దాన్ని నిలిపివేయవచ్చు. కొత్త కార్డు అమెరికా చిరునామాకు వెళ్తుంది కాబట్టి, వేరే బ్యాంకు ఇచ్చిన, వేరే నెట్‌వర్కు మీద నడిచే రెండో కార్డును పర్సులో కాకుండా విడిగా దాచి తీసుకువెళ్లాలి. మొదటిది వీసా అయితే రెండోది మాస్టర్‌కార్డ్ అయి ఉంటే మంచిది. రెండింటికీ వార్షిక రుసుము లేనప్పుడు, రెండోదాన్ని ఊరికే ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు ఏమీ ఉండదు.